పళ్లెంలో పెట్టిన పూసల పేరు

ఒక మనిషి మనకు ఇచ్చింది కానుకో కసో తేలకుండానే ఆ మనిషి పోతే, ఏమని తలుచుకోవాలి? ఈ ప్రశ్న నాతో చాలా ఏళ్లుగా ఉంది. ఆయన ఉన్నన్నాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు తేలకపోతుందా అనుకుంటూ వచ్చాను. పోయిన నెల కాలేజీలో పాఠం మధ్యలో ఉండగా టెలిగ్రాం వచ్చింది. పెదనాన్న పోయాడు.

పంపింది ఆయన కొడుకు, మా అన్నయ్య. నాన్న పోయాడు, బయలుదేరు అన్నంత మాత్రమే ఉంది అందులో. నా చేతిలో ఆ కాగితం చూడగానే తరగతిలో పిల్లలు లేచి నిలబడ్డారు. మన వైపు టెలిగ్రాం అంటే చావే కదా, విప్పకముందే ఇంట్లో శోకాలు మొదలవుతాయి. నాకు ఏడుపు రాలేదు. ఇక ఎవర్నడగను అని కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కోపంతోనే బస్సెక్కాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితో మొదలుపెట్టడం మర్యాద. మా పెదనాన్న మంచివాడు అని నేను రాస్తే మా ఊళ్లో అది చదివినవాళ్లు నవ్వుతారు. ఆయన తంతి ఆఫీసులో తంతులు కొట్టే సిగ్నలరు. మిరపకాయల కమిషన్ కొట్ల వీధి చివర, పత్తి జిన్ను మిల్లుకు ఎదురుగా ఉండేది ఆఫీసు. మిల్లు రొదలో వినపడదని, వచ్చే తంతిని టకటకమని పలికించే సౌండరు వెనక ఖాళీ సిగరెట్ డబ్బా ఇరికించేవాడు. రేకు డబ్బా కాబట్టి టకటకలు వీధిలోకి వినిపించేవి. ఆ టకటకల మధ్య ఆయన తిట్లూ వినిపించేవి. కొట్ల వాళ్లు ధరల కోసం తంతి ఇవ్వడానికి వచ్చి నసుగుతుంటే, నీ నసుగుడు గుంటూరు దాకా మొయ్యను, ముందు ఏం చెప్పాలో తేల్చుకుని రా పో అని కాగితం విసిరికొట్టేవాడు. చావు కబురు పంపడానికి వచ్చినవాళ్ల దగ్గరా అంతే. భర్త పోయిన ఒకావిడ వచ్చి కూతురికి తంతి కొట్టమంటూ ఆయన ఎలా పోయాడో మొత్తం చెప్పుకుని ఏడుస్తుంటే, "తంతిలో ఏడవటానికి చోటు లేదమ్మా. ఇంటికెళ్లి ఏడువు. పోయాడు, రా. అంతే" అన్నాడట. ఆ మాట ఊళ్లో సామెతలా మిగిలింది. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే, ఏరా తంతాయన దగ్గరికి పంపనా అనేవాళ్లు.

ఇంట్లోనూ ఆయన వేళ్లు ఊరుకునేవి కావు. అన్నం తింటూ ఎడం చేత్తో పీట మీద కొట్టేవాడు. పెద్దమ్మ విసుక్కునేది. అన్నం దగ్గర కూడా ఎవరి చావు పంపుతున్నావయ్యా అనేది. ఆయన కొడుతూనే ఉండేవాడు.

ఆ మనిషి ఒక్క పని మాత్రం ఓపిగ్గా చేసేవాడు. మా ఇళ్లలో బిడ్డ పుడితే, పేరు పెట్టిన తర్వాత, ఆ పేరుతో ఒక పూసల దండ గుచ్చేవాడు. తంతి భాషలో ప్రతి ఇంగ్లీషు అక్షరానికీ కొన్ని చుక్కలు, కొన్ని గీతలు ఉంటాయి. చుక్కకు చిన్న గుండు పూస, గీతకు పొడుగు గొట్టం పూస. అక్షరానికీ అక్షరానికీ మధ్య దారానికి ఒక ముడి. చీరాలలో గాజు పూసలు కొనుక్కొచ్చి, దారానికి మైనం పట్టించి, వాకిట్లో వెలుతురు ఉండగానే కూర్చుని గుచ్చేవాడు. చూసేవాళ్లకు అదొక మామూలు దండ. చదవగలిగేవాడు ఊరు మొత్తానికి ఆయన ఒక్కడే. దిష్టి పెట్టేవాడికి పేరు తెలియకపోతే దిష్టి ఎక్కడ తగలాలో తెలియదని పెద్దమ్మ అనేది. ఆయన అలాంటివి నమ్మేవాడు కాదు. మరి ఎందుకు చేసేవాడో ఎవరికీ చెప్పలేదు. మా అన్నయ్యకు ఉంది ఆ దండ, వాడి చెల్లెళ్లకు ఉంది, మా మేనత్త పిల్లలకు ఉంది. పొరుగూళ్లో దూరపు చుట్టాల పిల్లలకు కూడా ఉంది. నాకు లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే నా పేరు చెప్పాలి. మా అమ్మకు నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అలా దక్కని ఇళ్లలో బిడ్డను పెంట మీద దొర్లించి పెంటమ్మ అనీ, ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లమ్మ అనీ పెట్టుకునే వాళ్లున్నారు. మా అమ్మ పీర్ల చావిడికి వెళ్లి మొక్కుకుంది. మా ఊళ్లో పీర్లను ఎత్తేది సగం మంది మన రైతులే. చావిడి చూసుకునే సాయిబుగారు అమ్మ కడుపు మీద నెమలీకల కట్ట ఆనించి, దక్కితే స్వామి పేరు పెట్టుకో తల్లీ అన్నాడట. నేను దక్కాను. హుస్సేనమ్మనయ్యాను. ఇప్పుడు నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. ఎక్కడో అరబ్బు దేశంలో పుట్టిన ఆ పేరు ఏ దారుల వెంట ఈ మిరప చేల మధ్యకు వచ్చిందో పిల్లలకు ఓ గంట చెప్పగలను. కానీ చిన్నప్పుడు నాకు తెలిసిన చరిత్ర ఒక్కటే. ఆ పేరు పెట్టినందుకు పెదనాన్న నన్ను పేరు పెట్టి పిలవడు.

ఆయన కోపం సాయిబుల మీద కాదు. ఆయనకు ఆప్తుడంటూ ఎవరైనా ఉంటే ఆ చావిడి సాయిబుగారే, ఇద్దరూ రోజూ సాయంత్రం అరుగు మీద మౌనంగా కూర్చునేవాళ్లు. కోపం మా అమ్మ మీద. నేను పుట్టడానికి కొద్ది నెలల ముందు మా నాయనమ్మ పోయింది. ఆడపిల్ల పుడితే తన తల్లి పేరు పెట్టాలని పెదనాన్న ముందే చెప్పాడట. అమ్మ మొక్కు దాటలేదు. నా తల్లిని చావిట్లో తాకట్టు పెట్టారు అని ఆయన నాన్నతో అన్నాడని చెబుతారు. రెండిళ్లకూ మధ్య తలుపు ఉండేది, ఆ తలుపు తీసే ఉండేది, మేమంతా అటూ ఇటూ తిరిగేవాళ్లం. నన్ను మాత్రం "ఏయ్ పిల్లా" అనేవాడు. వరసగా పిల్లలందర్నీ పిలిచి నా దగ్గరికి వచ్చేసరికి, ఏయ్ పిల్లా.

ఆరేడేళ్లప్పుడు మిరప కల్లంలో ఆడుకుని ఆ చేతులతోనే కళ్లు నలుపుకున్నాను. తక్కిన పిల్లలు భయపడి పారిపోయారు. పెదనాన్న ఎక్కణ్ణుంచి వచ్చాడో, నన్ను లాగి ఒళ్లో పడుకోబెట్టుకుని కళ్లల్లో పాలు పోస్తూ కూర్చున్నాడు. మంట తగ్గేదాకా కదల్లేదు. అంతసేపూ తిడుతూనే ఉన్నాడు. ఎవరు రమ్మన్నారే నిన్ను, కల్లంలో నీకేం పని, మీ అమ్మకు కళ్లు లేవా, తెరువు కళ్లు, తెరువు. ఆ మొరటు వేళ్లు నా రెప్పల మీద ఎంత తేలిగ్గా ఆనాయో నాకు ఇప్పటికీ తెలుసు. ఆ ధైర్యంతోనే మర్నాడు వెళ్లి నాకూ దండ చెయ్యమని అడిగాను. ఆయన నా ముఖం చూడకుండానే, "అంత పొడుగు పేరుకు నా దగ్గర పూసల్లేవు" అన్నాడు. అన్నయ్యా వాళ్లూ పగలబడి నవ్వారు. పొడుగు పేరు, పొడుగు పేరు అని కొన్నాళ్లు నన్ను ఏడిపించారు. నేను మళ్లీ అడగలేదు.

బళ్లో వేసేటప్పుడు నాన్న నా పేరు శారద అని రాయించాడు. అమ్మ అప్పటికి నెమ్మదించింది, స్వామికి ఇచ్చిన మాట ఇంట్లో నిలబెట్టుకుంటే చాలనుకుంది. పేరు మార్చారని తెలిసి పెదనాన్న సంతోషిస్తాడని అందరూ అనుకున్నారు. ఆయన ఇంకా మండిపడ్డాడు. ఇచ్చిన మాట మార్చడానికి మీరెవర్రా అన్నాడు. ఆ పేరు వద్దని గొడవ చేసినవాడివి నువ్వే కదా అన్నయ్యా అని నాన్న తెల్లబోయాడు. "పెట్టక ముందు వద్దన్నాను. పెట్టాక అది మాట. మాట మార్చి పంపితే నా ఉద్యోగం పోతుంది, తెలుసా నీకు" అన్నాడు. ఉద్యోగానికీ నా పేరుకూ ఏం సంబంధమో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. నాకిప్పటికీ సగమే అర్థమైంది.

ఇక నా పెళ్లి సంగతి. మద్రాసు నుంచి మన రాష్ట్రం విడగొట్టాలని ఊళ్లలో సభలు జరుగుతున్న రోజులు. బి.ఏ. అయి నేను ఇంట్లో ఉన్నాను. అప్పటికి ఇరవై దాటిన పిల్ల ఇంట్లో ఉండటమంటే వాకిట్లో జనం ఆగి చూసే వింత. వచ్చిన ప్రతి సంబంధానికీ ఎక్కువ చదివిన పిల్ల అన్నదే వంక. చివరకు తుళ్లూరు వైపు నుంచి ఒక సంబంధం కుదిరింది. అబ్బాయి గుంటూరులో వకీలు దగ్గర పని నేర్చుకుంటున్నాడు. నాతో రెండు మాటలు మాట్లాడాడు. నాకు నచ్చాడు. ఇది దాచడం ఎందుకు, నచ్చాడు. ఏం చదివావని అడిగి, ఊరుకోకుండా అందులో నీకు ఏది ఇష్టమని అడిగిన మనిషి నాకు అప్పటిదాకా తగల్లేదు.

తాంబూలాలకు ముందు నాన్న మధ్య తలుపు దాటి వెళ్లి పెదనాన్నను బతిమాలుకున్నాడు. పీర్ల పేరు సంగతి వాళ్లకు చెప్పలేదు, నువ్వు ఆ ఊసెత్తవద్దన్నయ్యా అని. వాళ్లెవరు, ఏమిటి అని పెదనాన్న అడిగితే, అబ్బాయి తండ్రి లేడు, మేనమామదే పెత్తనం, ఆయన రైల్వేలో ఉద్యోగం అని చెప్పాడు. పెదనాన్న "నా నోట్లోంచి ఆ మాట రాదు, పో" అన్నాడట. నాన్న గుండెల మీద చెయ్యేసుకుని వచ్చాడు.

తాంబూలాల నాడు మా వైపు ఒక అలవాటు. పిల్లకు పెట్టే చీరా పసుపూ కుంకుమా పండ్లూ అన్నీ ఒక పళ్లెంలో సర్ది, ఆ పళ్లెం పిల్ల చేతికి ఇచ్చే ముందు రెండు వైపుల పెద్దలందరి ముందుకూ తిప్పుతారు. అందరూ చేత్తో ముడతారు. ఆ ముట్టడమే దీవెన. ఇంటి పెద్దలు తాము ఇచ్చేది కూడా అందులోనే వేస్తారు. పళ్లెం పెదనాన్న ముందుకు వచ్చింది. ఆయన జేబులోంచి పూసల దండ తీసి చీర మీద పెట్టాడు. ఎర్ర పూసలు, నల్ల దారం. మొదటంతా చిన్న పూసలే, చివరికి వచ్చేసరికి పొడుగు పూసలు. నేను తలుపు వెనక నుంచి చూశాను. చిన్నప్పుడు అడిగి లేదనిపించుకున్న దండ. అది నా పేరని చదవకుండానే నాకు తెలుసు. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఆ మాట ఇక్కడ రాయకపోతే నేను ఆయనకు అన్యాయం చేసినట్టు.

పళ్లెం తిరుగుతూ మేనమామ ముందుకు వెళ్లింది. కళ్లజోడు, కోటు, నవ్వు ముఖం. ఆయన రైల్వేలో చేసేది స్టేషన్లో సిగ్నలరు పని. అది మాలో ఎవరికీ తెలియదు. పళ్లెం ముట్టబోయిన చెయ్యి దండ మీద ఆగింది. దండ తీసుకుని పూసల మీద బొటనవేలు నడిపించాడు. పెదవులు కదిలాయి. పోగొట్టుకున్న వస్తువు దొరికినవాడిలా ముఖం వెలిగింది.

"ఇది మా వాళ్ల పనిలాగుందే. ఎవరండీ ఇక్కడ తంతి మనిషి?"

పెదనాన్న వాసాల వంక చూస్తున్నాడు. మేనమామ ఉత్సాహం ఆపుకోలేక పైకే చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం, చిన్నపిల్లాడు బళ్లో చదివినట్టు. చివరి ముడి దాకా వెళ్లి మొత్తం కలిపి పలికాడు. "హుస్సేనమ్మ. బాగుందండీ. ఎవరీవిడ?"

ఆయనలో ఏ దురుద్దేశమూ లేదు. అందుకే ఆ గదిలో ఎవరికీ చప్పున అబద్ధం తట్టలేదు. అమ్మే లోపల్నుంచి చెప్పింది. మా పిల్లేనండీ, పీర్లకు మొక్కుకుంటే పుట్టింది అని. మేనమామ దండను జాగ్రత్తగా పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత మాట్లాడింది అబ్బాయి తల్లి. గొంతు పెంచలేదు.

"పీర్లు మా ఊళ్లోనూ ఎత్తుతారమ్మా. మా మరిది పేరు మస్తాను. పేరుకేం వచ్చింది. ఇన్నేళ్లు ఇంట్లో పిలుచుకున్న పేరు మాకు చెప్పకపోతిరే, అదీ. పేరే దాచినవాళ్లు రేపు ఇంకేం దాస్తారో."

మజ్జిగ కూడా తాగకుండా లేచారు. అబ్బాయి గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. వాళ్లమ్మ పిలిచింది, వెళ్లిపోయాడు.

మా అమ్మ అప్పటిదాకా బావగారి ఎదుట నిలబడి మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు వచ్చి ఎదురుగా నిలబడింది. "మీరు మనిషేనా బావగారూ?" అంది. పెదనాన్న ఆవిడ వంక కాక నాన్న వంక చూసి, "నా నోట్లోంచి రాలేదు" అన్నాడు. లేచి మధ్య తలుపులోంచి తన ఇంటికి వెళ్లిపోయాడు. నాన్న ఆ దండను బావిలో పారేస్తానని లేచాడు. నేను లాక్కున్నాను. ఎందుకు లాక్కున్నానో అడిగితే చెప్పలేను. అది ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. మెడలో వేసుకోలేదు, పారెయ్యనూ లేదు.

ఆ వారమే నాన్న మధ్య తలుపు పీకించి ఇటుకలతో గోడ కట్టించాడు. గోడ అవతల నుంచి పెద్దమ్మ ఏడుపు వినిపించింది. మేస్త్రి పని ముగించుకుని వెళ్తుంటే పెదనాన్న వీధిలో నిలబడి నాన్నకు వినపడేలా అన్నాడు. "పెళ్లికి పనికిరాని పిల్ల చదువుకైనా పనికొస్తుంది. పైకి పంపు." నాన్న రాయి తీసుకోబోతే అమ్మ పట్టుకుంది. ఆయన అన్నాడన్న పంతానికి నన్ను చదువు మాన్పించాలని నాన్న చాలా రోజులు చూశాడు. చివరికి పంపాడు. నేను వాల్తేరు వెళ్లి ఎం.ఏ. చదివాను. ఇవాళ నాకు ఉద్యోగం ఉంది, గుంటూరులో రెండు గదుల ఇల్లుంది, పుస్తకాలున్నాయి. ఉదయం లేచి ఎవరి అనుమతీ అడగక్కర్లేని బతుకుంది. ఇవన్నీ ఆ పూసల దండ వల్ల వచ్చినవే అని నాతో అనేవాళ్లున్నారు. ఆ మాట అన్నవాళ్లను కొట్టాలనిపిస్తుంది. ఆ అబ్బాయి గుమ్మం దగ్గర వెనక్కి చూసిన చూపు కూడా ఆ దండ వల్ల వచ్చిందే కదా.

వాల్తేరులో ఉండగానే నాన్న పోయాడు. గుండె ఆగింది. గోడ కట్టుకున్న తమ్ముడి కోసం పెదనాన్న ఆ పొద్దున గోడ చుట్టూ తిరిగి వచ్చి, చూసి, తంతి ఆఫీసుకు వెళ్లి చుట్టాలందరికీ తన చేత్తోనే టెలిగ్రాములు కొట్టాడు. నాకూ కొట్టాడు. హుస్సేనమ్మ పేరిట. హాస్టల్లో ఆ పేరుగల అమ్మాయి ఎవరూ లేరన్నారు. అది తిరిగి వెళ్లిపోయింది. మా అమ్మ రాయించిన ఉత్తరం నాకు అందేసరికి నాన్నను కాల్చి రోజులు గడిచాయి. నేను ఇంటికి వచ్చిన రోజు వీధిలో పెదనాన్న ఎదురుపడ్డాడు. మనిషి సగమైపోయి ఉన్నాడు. నేను ఏమీ అడగకముందే, "నాకు తెలిసిన పేరు అదే" అన్నాడు. అంతకాలం సర్వీసులో ఒక్క చిరునామా తప్పని మనిషి. ఊళ్లో అందరి చుట్టాలూ ఏ వీధిలో ఏ పేరుతో ఉంటారో నోటికి చెప్పగలిగే మనిషి. బి.ఏ. పట్టా మీద నా పేరు ఏమని ఉందో ఆయనకు తెలియదా? తమ్ముడు పోయిన దుఃఖంలో చెయ్యి పాత పేరు వైపు దానంతటదే వెళ్లిందా? ఆయన జన్మలో నన్ను ఒక్కసారి పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపు నాకు అందలేదు.

ఆయన రిటైరైన చాలా కాలానికి ఒకసారి ధైర్యం చేసి అడిగాను. అమ్మను చూడటానికి ఊరు వెళ్లాను. పెదనాన్న అరుగు మీద కూర్చుని మనవరాలి కోసం పూసలు గుచ్చుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి, పూస సూదికి అందడం లేదు. నేను పక్కన కూర్చోలేదు, నిలబడే అడిగాను.

"ఆయన చదవగలడని తెలిసే పెట్టావా పెదనాన్నా?"

ఎవరని ఆయన అడగలేదు. పదేళ్ల పైమాట, నిన్న జరిగినట్టు జవాబు చెప్పాడు. "మీ నాన్న రైల్వే అన్నాడు. రైల్వేలో బొగ్గేసేవాడూ ఉంటాడు, జెండా ఊపేవాడూ ఉంటాడు."

"నేనడిగింది అది కాదు."

"నువ్వడిగింది నాకు తెలుసులే. పుట్టినప్పుడు ఆ పేరు వద్దన్నాను, వినలేదు. పెట్టిన పేరు దాచొద్దన్నాను, వినలేదు. ఒకసారి తంతి మీదకెక్కిన మాట వెనక్కి రాదే. నాకొచ్చిన విద్య అదొక్కటే."

"నా పెళ్లి చెడిపోయింది."

ఆయన సూది పక్కన పెట్టాడు. ఇప్పుడు చెబుతాడు, ఇన్నాళ్లకు చెబుతాడు అనుకున్నాను. "ఆ రైలాయన మంచి పనివాడే" అన్నాడు. "ఒక్క అక్షరం తప్పు చదవలా."

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆయనతో మాట్లాడింది లేదు. ఆయన ఊళ్లో వాళ్లతో నా గురించి మాట్లాడేవాడట. మా పిల్ల పాఠం చెబితే మగపిల్లలు కూడా నోరు మూసుకుని వింటారని గొప్పగా చెప్పేవాడని ఒకరన్నారు. పొగరుబోతు, తల్లి పోలిక అని తిట్టేవాడని ఇంకొకరన్నారు. రెండూ ఆయన అనగలిగిన మాటలే.

టెలిగ్రాం అందుకుని నేను వెళ్లేసరికి ఆయన్ను తీసుకుపోయారు. పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. పెద్దవాళ్లు పోయిన ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు, పోయినవాళ్ల గురించే. దండ మాట వచ్చింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, నువ్వు పుట్టిన నెలలోనే గుచ్చాడే అది, ఇవ్వడానికి మనసొప్పక పెట్టెలో పెట్టుకున్నాడు, నేను కళ్లారా చూశాను అంది. అంటే అన్నేళ్లు దాచి, ఇంటి పిల్ల వెళ్లిపోతోందని ఆ రోజు తీశాడన్నమాట. గుమ్మంలో కూర్చున్న అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. అమ్మకు మతిమరుపు, ఆ పూసలు నీ తాంబూలాల వారమే చీరాల వెళ్లి తెచ్చాడు, నేను వెంట ఉన్నాను, కొట్టువాడితో ఎర్రవే కావాలని పోట్లాడాడు కూడా అన్నాడు. అన్నీ మర్చిపోయేది నువ్వేరా అని పెద్దమ్మ వాడి మీద విరుచుకుపడింది. శవం లేచిన ఇంట్లో తల్లీ కొడుకూ నా దండ గురించి వాదులాడుకున్నారు. సాక్ష్యం లేనిదే రాయకూడదని నేను పిల్లలకు చెబుతాను. ఇక్కడ ఇద్దరు సాక్షులున్నారు. ఇద్దరూ అబద్ధమాడేవాళ్లు కాదు.

మూడోనాడు కాలవ గట్టున పిట్టకు పెట్టారు. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో వడ్డించి దూరంగా నిలబడ్డాం. పోయినవాళ్లు తృప్తిగా పోతే కాకి వచ్చి వెంటనే ముడుతుందంటారు. పత్తి కట్టెల మోపు మీద ఒక కాకి వాలింది. విస్తరి వంక చూసింది కానీ దిగలేదు. ఎండ ఎక్కుతోంది. అది ముట్టందే ఇంట్లో ఎవరూ అన్నం తినకూడదు. మనసులో ఏదో ఉండిపోయింది, మాట ఇవ్వండి అన్నారు పెద్దలు. అన్నయ్య ముందుకు వెళ్లి అమ్మను బాగా చూసుకుంటానని దండం పెట్టాడు. కాకి దిగలేదు. చెల్లెళ్లు వెళ్లారు, కలిసి ఉంటామన్నారు. దిగలేదు. పెద్దమ్మ వెళ్లి, ఇంకా నీకు ఏం కావాలయ్యా, బతికినన్నాళ్లూ సాధించింది చాలదా అంది. కొందరు నవ్వు ఆపుకున్నారు. అప్పుడు ఒక ముసలాయన నన్ను చూపించి, ఆ అమ్మాయిని పంపండయ్యా, ఉంటే గింటే అక్కడే ఉంటుంది అన్నాడు.

అందరూ నా వంక తిరిగారు. పెద్దమ్మ నా వీపు మీద చెయ్యేసి తోసింది. "కోపం లేదని ఒక్క మాట అనవే తల్లీ. ముడుతుంది. పిల్లలు ఆకలి మీదున్నారు."

నేను విస్తరి దాకా వెళ్లి నిలబడ్డాను. కోపం లేదంటే అబద్ధం. క్షమించానందామంటే, ఆయన ఇచ్చింది కానుకే అయితే క్షమించడానికి నేనెవరిని? నీ మేలు మర్చిపోనందామంటే, అది కసే అయితే ఆ మాట విని ఆయన నవ్వుకుంటాడు. వెనక నుంచి అను, అను అంటున్నారు. నేను ఏమీ అనలేదు. ఆయన మీద ఇంత రాసి, మిమ్మల్ని ఇంతదూరం తీసుకొచ్చి, ఇప్పుడు కూడా నేను చెప్పగలిగింది అంతే. ఆయన నాకు చేసింది ఏమిటో నాకు తెలియదు. తేల్చుకోలేకపోయాను. కాకి మోపు మీద నుంచి నేలకు దిగి, విస్తరికి అవతల ఆగి, మెడ పక్కకు వంచి నన్ను చూసింది. నేనూ దాన్ని చూస్తూ నిలబడ్డాను. మా మధ్య అన్నం మెతుకులు ఎండకు ఆరిపోతున్నాయి.